కొంగు చుట్టి తెరిచే ఫ్రిజ్ తలుపు

పలాస దగ్గర ఉద్దానం పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. అందుకే ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె పుట్టిల్లు విజయనగరం. పెళ్లయి తొమ్మిదేళ్లు. భర్త గల్ఫ్‌లో వెల్డరు పనిచేస్తూ రెండేళ్లకొకసారి వస్తారు. పెళ్లయిన ఏడాదికే మామగారు పోయారు. ఇంట్లో ఇప్పుడు ఆమె, అత్తగారు, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప ఉంటారు. ఇల్లు 1996లో కట్టింది. ముందు పెంకుల వసారా, వెనక రెండు గదుల శ్లాబు. వైరింగు చేసింది మామగారి తమ్ముడే. ఆమె ఆయన్ను చిన్నమామయ్య అంటారు. వయసు అరవై ఎనిమిది. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్లు ఆయన చేతి మీదుగానే వెలిగాయి.

రెండేళ్ల కిందట కొత్త ఫ్రిజ్ కొన్నారు. తెచ్చిన వారం నుంచే ఉత్త కాళ్లతో ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడేది. చిన్నమామయ్య వచ్చి ప్లగ్ బోర్డు విప్పి, “ఒక చిన్న ముక్క వైరు వేశాను, ఇక రాదు” అన్నారట. నిజంగానే చాలా నెలలు రాలేదు. ఈ వానాకాలం మళ్లీ మొదలైంది. అదీ బావి మోటారు వేసినప్పుడు ఎక్కువగా, మోటారు ఆపితే తక్కువగా. మోటారు నడిచినంతసేపూ బల్బులు కూడా వణుకుతున్నాయి. ఇండక్షన్ పొయ్యి పెట్టే ప్లగ్ చుట్టూ గోధుమరంగు మరక పడింది.

ఇంతలో ఒక వాన రోజు బాబు వసారా కిటికీ చువ్వ పట్టుకొని అవతలకు విసిరేసినట్టు పడ్డాడు. అరచెయ్యి ఎర్రగా కందింది. ఆ రోజు నుంచి వాడు ఆ వైపుకే వెళ్లడం లేదు.

అత్తగారేమో “మా మరిది చేసిన పనికి వంక పెడతావా? ముప్పై ఏళ్లుగా లేని షాకు ఇప్పుడే వచ్చిందా? చెప్పులు వేసుకొని ముట్టుకో” అంటారు. “ఆవిడ మాత్రం ఫ్రిజ్ తలుపు చీరకొంగు చుట్టి తెరుస్తారు” అని ఈమె రాశారు. చివరగా అడిగింది ఇది: “బయటి ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే చిన్నమామయ్య ఇక మా గడప తొక్కరు. తిత్లీ తుఫానప్పుడు మమ్మల్ని కాపాడిన మనిషి. పిలవకపోతే నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. సంక్రాంతికి మా ఆయన వచ్చేదాకా ఆగాలా?”

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నా దృష్టంతా ఫ్రిజ్ మీదే ఉంది. రెండోసారి, మూడో పేజీలో మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “దండెం తీగ కూడా ఆ కిటికీ చువ్వకే కట్టి ఉంటుంది, రెండో కొస కొబ్బరిచెట్టుకు.” ముందు దాని సంగతి చూద్దాం. చిన్నమామయ్య గారు నొచ్చుకోవడం, అత్తగారి మాటలు అన్నీ దాని తరువాతే.

మీటరు ఆ వసారా గోడకే ఉందని రాశారు. అంటే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఆ కిటికీ దగ్గరలోనే ఇంటిని చేరుతోంది. సర్వీసు వైరు బరువు మోయడానికి పక్కన ఒక ఇనుప తీగ లాగి ఉంటుంది. సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఊగి, ఆ రాపిడికి వైరు మీది తొడుగు ఒకచోట చిరిగితే చాలు, కరెంటు ఆ ఇనుప తీగలోకి, అక్కడి నుంచి గోడకు బిగించిన కమ్మీలోకి దిగుతుంది. గోడ పొడిగా ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియకపోవచ్చు. గోడ నానిన రోజున అది కిటికీ చువ్వ దాకా పాకుతుంది. చువ్వకు కట్టిన దండెం పొడవునా పాకుతుంది. ఆ దండెం మీద తడి బట్టలు ఆరేసేది మీరే కదా?

నేను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చాలా ఏళ్లు చెప్పాను. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడి తల్లి ఇలాగే దండెం దగ్గర పోయింది. పరీక్షలకు పది రోజుల ముందు. తిరిగి వచ్చాక ఆ అబ్బాయి ముందు బెంచీలో కూర్చునేవాడు. నేను ఎర్తింగు పాఠం చెబుతుంటే నోట్సు రాయకుండా నా మొహంలోకే చూస్తూ ఉండేవాడు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. “మెయిన్ ఆపేసి దండెం విప్పేద్దాం” అనుకుంటారు. మీరు ఆ పని చేయకండి. మెయిన్ స్విచ్ ఆపితే ఇంట్లోకి వెళ్లే కరెంటు ఆగుతుంది కానీ, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే వైరులో అలాగే ఉంటుంది. దోషం ఆ వైరులో ఉంటే మెయిన్ ఆపినా కిటికీ షాక్ కొడుతూనే ఉంటుంది. కాబట్టి ఇది చదివిన వెంటనే 1912కి ఫోను చేయండి. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఫిర్యాదుల నంబరు అది. మీ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ఉంటే ఆయనకూ చెప్పండి. “కిటికీకి కరెంటు వస్తోంది, పిల్లవాడికి షాక్ కొట్టింది” అని అదే మాటల్లో చెప్పండి. ఏదో చిన్న ఇబ్బంది అన్నట్టు చెబితే రేపూ మాపూ అంటారు. లైన్‌మ్యాన్ వచ్చేదాకా పిల్లలను వసారాలోకి రానివ్వకండి. దండెం, కిటికీ, ఆ తడి గోడ ఎవరూ ముట్టుకోకూడదు.

ఆయన వచ్చాక మెయిన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి కిటికీని పరీక్షించమనండి. మెయిన్ ఆపినా కరెంటు ఉంటే దోషం మెయిన్‌కు అవతల, సర్వీసు వైరు వైపు. ఆపగానే పోతే ఇవతల, మీ గోడలోని వైరులో. మీ బెంగలో సగం ఈ ఒక్క పరీక్షతో తేలిపోతుంది. దండేన్ని కూడా స్తంభం దగ్గర లైను తీశాకే విప్పించండి. ఇనుప తీగకు బదులు నైలాను తాడును ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు కట్టుకోండి. ఇంటికీ కరెంటు స్తంభానికీ తగలనివ్వకండి.

గమనించారా? ఇందులో చిన్నమామయ్య గారి పనికి వంక పెట్టినట్టేమీ లేదు. మీటరు దాకా వచ్చే లైనును విద్యుత్ సంస్థ వాళ్లే చూడాలి. వాళ్లను పిలవడానికి మీరు ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఎవరి మనసూ నొప్పించినట్టు కాదు.

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. మొదట వచ్చిన చిమచిమ ఫ్రిజ్ తప్పు కాకపోవచ్చు, వైరింగులో వచ్చిన కొత్త తప్పు కూడా కాకపోవచ్చు. ఈ కాలపు ఫ్రిజ్‌లలో, వాషింగ్ మెషీన్లలో ఎలక్ట్రానిక్ బోర్డులు ఉంటాయి. వాటి నుంచి రవ్వంత కరెంటు ఎప్పుడూ బాడీకి వస్తుంటుంది. ఎర్తు, అంటే వస్తువు బాడీని భూమికి కలిపే తీగ, సరిగా ఉంటే అది మనకు తెలియకుండా భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. మీ పాత ఫ్రిజ్‌లో అలాంటి బోర్డు ఉండి ఉండదు కాబట్టి ఎర్తు లేదన్న సంగతి ఇన్నేళ్లూ బయటపడలేదు. కొత్త ఫ్రిజ్ బయటపెట్టింది.

నన్ను భయపెట్టింది ఆ “చిన్న ముక్క వైరు”. చూడకుండా చెబుతున్నాను కనుక తప్పయితే సంతోషిస్తాను. కానీ మీరు రాసిన గుర్తులన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఎర్తు లేని ఇళ్లలో ప్లగ్‌లోని ఎర్తు కన్నాన్ని పక్కనే ఉన్న న్యూట్రలుకు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుకు, కలిపేయడం పాత పనివాళ్లలో ఒక అలవాటు. కలపగానే చిమచిమ పోతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ అప్పటి నుంచి ఆ ఫ్రిజ్ బాడీ న్యూట్రలుకు కట్టేసినట్టే. న్యూట్రలు బాగున్నన్నాళ్లే మీరు బాగుంటారు.

మోటారు వేసినప్పుడు షాకు పెరగడం, బల్బులు వణకడం చూస్తే న్యూట్రలులో ఎక్కడో ఒక జాయింటు వదులైందని నాకు అనుమానం. వదులు జాయింటులోంచి మోటారు కరెంటు పోతుంటే న్యూట్రలు మీద వోల్టేజి పెరుగుతుంది. అదే మీకు ఫ్రిజ్ తలుపు మీద తెలుస్తోంది. రేపు ఆ జాయింటు పూర్తిగా ఊడితే ఫ్రిజ్ బాడీ మీద 230 వోల్టులు నిలబడతాయి. ఫ్యూజు కాలదు, ఏ చప్పుడూ రాదు, చూడటానికి కరెంటు పోయినట్టే ఉంటుంది. “కరెంటు లేదు కదా” అని ఎవరో ఒకరు ఫ్రిజ్ తెరుస్తారు.

1996 నాటి ఇల్లు కనుక మెయిన్ పెట్టెలో రెండు పింగాణీ ఫ్యూజులు, కరెంటు తెచ్చే లైనుకొకటి న్యూట్రలుకొకటి, ఉండే అవకాశం ఉంది. న్యూట్రలు ఫ్యూజు ఒక్కటే కాలినా జరిగేది ఇదే. ఇంకొకటి కూడా ఉంది. ఏ గాలివానకో సర్వీసు వైరు తెగి, తిరిగి కలిపే హడావుడిలో లైనూ న్యూట్రలూ తారుమారైతే బల్బులు మామూలుగానే వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, కానీ ఫ్రిజ్ బాడీ నేరుగా లైనుకు కలిసిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది. స్తంభాలు వేల లెక్కన నేలకూలాయి. అలాంటి తుఫాను మళ్లీ రాదని మీ ప్రాంతంలో ఎవరనగలరు?

కాబట్టి ఈ రాత్రే ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి. చేతులు తుడుచుకొని, చెప్పులు వేసుకొని, ముందు మెయిన్ ఆపి, ఆ తరువాత ప్లగ్ పూర్తిగా పీకండి. బోర్డు మీద స్విచ్ ఆపితే చాలదు. ఆ స్విచ్ లైనును మాత్రమే ఆపుతుంది, న్యూట్రలుకు వేసిన ముక్క అలాగే ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి కూడా ఆ మరక పడిన ప్లగ్‌లో ఇక పెట్టకండి. ఆ మరక వేడికి ప్లాస్టిక్ మాడినది. లోపల స్క్రూ వదులై ఉంటుంది. నాలుగు రోజులు పాలు ఎప్పటికప్పుడు కాచుకోండి.

మోటారు అవసరం కాబట్టి పూర్తిగా మానమని చెప్పలేను. వేసేటప్పుడు తడి నేల మీద నిలబడకండి, స్టార్టరును తప్ప ఇంకేమీ ముట్టుకోకండి. ఒకవేళ బల్బులు ఉన్నట్టుండి కళ్లు చెదిరేలా వెలిగి, ఫ్యాన్లు గిర్రున తిరగడం మొదలుపెడితే ఏమీ ఆలోచించకుండా మెయిన్ ఆపి 1912కి ఫోను చేయండి. అది స్తంభం వైపు న్యూట్రలు పోయినప్పుడు కనిపించే గుర్తు. ఆ సమయంలో ఇంట్లోకి 230 కన్నా చాలా ఎక్కువ వోల్టేజి వస్తుంది.

ఇంతవరకు చెప్పినవాటిలో మీరు ఎవరినీ ఒప్పించాల్సిన పని లేదు. ఇక మనుషుల సంగతికి వద్దాం.

మీ అత్తగారు కొంగు చుట్టి ఫ్రిజ్ తెరుస్తారని మీరు కొంచెం కోపంగానే రాశారు. నాకు మాత్రం ఆ మాటలో ఆమె మనసు కనిపించింది. ఆమెకు తెలుసు. భర్త పోయాక ఇంటికి పెద్ద దిక్కుగా నిలబడిన మరిది పనిలో లోపం ఉందని పైకి అనలేక చెప్పులని, కొంగని ఏవో అడ్డు పెట్టుకుంటున్నారు. కాబట్టి షాకు వస్తోందా లేదా అని ఆమెతో వాదించకండి. “అత్తయ్యా, మీరు కొంగు తడిసి ఉన్నప్పుడు పట్టుకుంటారేమోనని నాకు భయంగా ఉంది” అని ఒక్కసారి అని చూడండి. చెప్పుల సంగతి కూడా నెమ్మదిగా చెప్పండి. చెప్పులు మనకు షాకు తెలియకుండా చేస్తాయి కానీ ఫ్రిజ్ మీద కరెంటును తీసేయవు. మూడేళ్ల పాప చెప్పులు లేకుండానే తిరుగుతుంది.

చిన్నమామయ్య గారి గురించి మీరు రాసిన పేజీ చదివితే ఆయన మీద నాకూ గౌరవం కలిగింది. తిత్లీ తరువాత ఊరంతా చీకట్లో ఉంటే, సొంత ఇంటి రేకులు ఎగిరిపోయి ఉండగా, ముందు మీ ఇంటికి వచ్చి తడిసిన బోర్డులు విప్పి ఆరబెట్టి బిగించారని రాశారు. అలాంటి మనిషి దగ్గరకు “మీ పని బాగాలేదు” అనే మాటతో వెళ్లకూడదు. అన్నింటికన్నా ముందు, ఆ ముక్క వైరు సంగతి పక్కన పెడితే, ఆ మాట నిజం కూడా కాదు.

లెక్క చూడండి. 1996లో మీ ఇంట్లో ఏముండేవి? అరవై వాట్ల బల్బులు ఒక ఆరు, ఫ్యాన్లు మూడు, ఒక టీవీ. అన్నీ ఒకేసారి వేసినా ఏడు వందల వాట్లు, అంటే మూడు ఆంపియర్లు. ఆ లోడుకు ఆయన వేసిన వైరు సరిపోయింది, ముప్పై ఏళ్లు నిలబడింది. మీ ఉత్తరం ప్రకారం ఇప్పుడు ఏసీ ఉంది, అదొక ఏడు ఆంపియర్లు. 2000 వాట్ల గీజరు దాదాపు తొమ్మిది. ఇండక్షన్ పొయ్యి ఇంకో తొమ్మిది. మోటారు అయిదు పైనే. మూడు ఆంపియర్ల ఇల్లు ముప్పై ఆంపియర్ల ఇల్లయింది. పైగా వైరులో కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి తొడుగు పెళుసుబారుతుంది, స్క్రూలు వదులవుతాయి. దానికి తోడు మీది తీరం. నేను విప్పిన ఒక పాత ఎర్తు గుంటలో జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనుప తీగ, చూడటానికి నిండుగానే ఉంది. వేలితో అలా తాకితే అగరుబత్తి బూడిదలా రాలిపోయింది. అంతకు ముందు పదేళ్లుగా ఆ ఇంటివాళ్లు ఎర్తు ఉందనే అనుకున్నారు. అది వేసినవాడి తప్పెలా అవుతుంది?

కాబట్టి ఆయన దగ్గర మొదలుపెట్టాల్సిన మాట, ఇల్లు మారింది, వస్తువులు మారాయి అన్నదే. దాన్ని ఎవరు, ఎలా చెప్పాలన్న దానికి మీ ముందు కొన్ని దారులున్నాయి.

ఒకటి, మీరే నేరుగా వెళ్లి ఆయన్ను సాయం అడగడం. నాకు నచ్చిన దారి ఇదే. “చిన్నమామయ్యా, బాబుకు షాక్ కొట్టింది. నాకు ధైర్యం చాలడం లేదు. మీరు దగ్గరుండి ఇల్లంతా ఒకసారి మెగ్గరుతో చూపించండి” అని అడగండి. ‘చూడండి’ అనకుండా ‘చూపించండి’ అనడంలోనే ఉంది కిటుకు. మెగ్గరు అంటే 500 వోల్టుల ఒత్తిడి పెట్టి వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం. పల్లెల్లో చాలామంది పనివాళ్ల దగ్గర అది ఉండదు. కాశీబుగ్గలోనో టెక్కలిలోనో లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ను ఆయనే పిలిపిస్తే, వచ్చినవాడు ఆయన పనిని తనిఖీ చేయడానికి వచ్చినట్టు కాదు, ఆయన చెప్పిన పని చేయడానికి వచ్చినట్టవుతుంది. కష్టం ఏమిటంటే, ఆయన “నేను చూస్తాలే” అని టెస్టరు ఒకటి పట్టుకొచ్చి, బల్బు వెలిగిందా లేదా చూసి, బాగానే ఉందని వెళ్లిపోవచ్చు. టెస్టరు వెలుగు లైను ఎక్కడుందో చెబుతుంది కానీ తొడుగు బాగుందనీ, ఎర్తు పనిచేస్తోందనీ చెప్పదు. అప్పుడు మీరు మొహమాటం లేకుండా రెండోసారి అడగాలి.

రెండు, మీ ఆయన చేత ఫోనులో చెప్పించడం. కొడుకు వరస కాబట్టి ఆయన మాట త్వరగా వింటారు. కానీ దూరం నుంచి వచ్చిన మాటను “ఈవిడే ఎక్కించింది” అని ఇంట్లో అనుకునే ప్రమాదం ఉంది. ఈ దారి పడితే ముందు మీరు వెళ్లి మాట్లాడాకే మీ ఆయన ఫోను చేసేలా చూసుకోండి. అప్పుడు అది ఫిర్యాదులా ఉండదు, మీ మాటకు బలంగా ఉంటుంది. డబ్బు సంగతి కూడా ఆయనే తేల్చాలి.

మూడు, ఎవరికీ చెప్పకుండా బయటి మనిషిని పిలవడం. పని త్వరగా అవుతుంది. కానీ పల్లెలో ఇంటి ముందు ఎవరి బండి ఆగిందో గంటలో అందరికీ తెలుస్తుంది. బయటివాడు పాత పనిని చూసి నాలుగు మాటలు అనకుండా ఉండడు, అవి పెద్దాయన చెవిన పడకుండా ఉండవు. అయితే లైన్‌మ్యాన్ పరీక్షలో దోషం మీ గోడలోనే ఉందని తేలి, చిన్నమామయ్య గారు రెండుసార్లు అడిగినా కదలకపోతే, ఈ దారే పట్టండి. ఆయన కోపాన్ని తరువాత మీరూ మీ ఆయనా వెళ్లి కాళ్లు పట్టుకొనైనా తీర్చుకోగలరు.

నాలుగు, సంక్రాంతి దాకా ఆగడం. కొత్త వైరింగు లాంటి పెద్ద పని అప్పటికి ఆగవచ్చు. కిటికీ, ఫ్రిజ్, ప్లగ్ మరక ఆగవు. ఈ వానాకాలం అయ్యాక తుఫాన్ల నెలలు ఉన్నాయి, గుర్తు పెట్టుకోండి.

తనిఖీ రోజున ఏం చూడాలో చెబుతాను, మీరు పక్కన ఉండి అడగడానికి. ఫ్రిజ్ బోర్డు, గీజరు బోర్డు, ఇండక్షన్ బోర్డు విప్పి న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య ముక్క ఉందేమో చూసి తీయించండి. ప్లగ్‌లు, బల్బులు అన్నీ తీసి మెగ్గరు పెట్టించండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపించిన లైనును వాడటం మానేయండి. పింగాణీ ఫ్యూజులో సన్నటి ఫ్యూజు తీగకు బదులు నాలుగైదు రాగి పోచలు మెలిపెట్టి ఉంటాయి చాలా ఇళ్లలో. మీ ఇంట్లోనూ ఉండవచ్చు. అవి కాలవు కాబట్టి ఫ్యూజుకు బదులు గోడలో వైరు కాలుతుంది. మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు ఎర్తు పేరుతో ఉంటుంది చాలావాటికి. అది వెలుగుతుంటే కరెంటు ఎక్కడో పక్కదారి పడుతోందని అర్థం.

ఎర్తు గుంట కొత్తది తీయించాల్సి రావచ్చు. మీది ఇసుక నేల. నీళ్లు నిలవవు, ఎండాకాలంలో ఎర్తు బలహీనపడుతుంది. ఎర్తు ఉంటే చాలు, ఫ్యూజు దానంతట అదే కాలుతుందనుకుంటారు చాలామంది. ఎర్తు నిరోధం 50 ఓములు ఉందనుకోండి. 230 వోల్టులకు దానిలోంచి పోయేది నాలుగున్నర ఆంపియర్ల కరెంటే. పదహారు ఆంపియర్ల ఎంసీబీ (ఫ్యూజుకు బదులు పెట్టే, దానంతట అదే ఆగే స్విచ్) దాన్ని ఫ్యాన్లూ బల్బుల లోడుగా భావించి ఊరుకుంటుంది. ఫ్రిజ్ బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది. మనిషి గుండెను ఆపడానికి కావలసింది ఆంపియరులో పదో వంతు కూడా కాదు.

అందుకే ఆర్‌సీసీబీ పెట్టించమంటున్నాను. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300వి మనుషుల కోసం కాదు. రెండు వేల రూపాయలకు అటూఇటూ ఉంటుంది, మీ ఫ్రిజ్ ధరతో పోలిస్తే ఎంత? దాని మీద పరీక్ష బటను ఉంటుంది, నెలకొకసారి నొక్కి చూసుకోండి.

ముందే ఒక హెచ్చరిక. పాత వైరింగుకు దీన్ని పెట్టగానే అది ఊరికే పడిపోతుంటుంది, అంటే కరెంటు ఆపేస్తుంటుంది. వాన పడితే పడిపోతుంది, గీజరు వేస్తే పడిపోతుంది. మూడో రోజుకు అత్తగారు “ఈ దిక్కుమాలిన పెట్టె వచ్చాకే కరెంటు పోతోంది” అంటారు. ఎవరో ఒకరు దాన్ని దాటించి నేరుగా కలిపేద్దామంటారు. ఒప్పుకోకండి. అది పడిపోయిన ప్రతిసారీ ఎక్కడో లీకు ఉందని చూపిస్తోంది. ఒక్కొక్క ప్లగ్ తీసి చూస్తూ పోతే ఆ చోటు దొరుకుతుంది. ఆర్‌సీసీబీ చేయలేని పనులూ ఉన్నాయి. సర్వీసు వైరులో లీకు దానికి తెలియదు, ఎందుకంటే ఆ వైరు దానికి ముందున్నది. ఎవరైనా ఒక చేత్తో లైనునూ మరో చేత్తో న్యూట్రలునూ పట్టుకుంటే దానికి తెలియదు. బోర్డులో వేళ్లు పెట్టే వయసు పాపది, కాబట్టి కిందనున్న ప్లగ్‌లకు మూతలు పెట్టండి.

ఇల్లంతా గోడలు పగలగొట్టి వైరింగు మార్చాలా అని కూడా అడిగారు. డబ్బు ఒకేసారి లేకపోతే అక్కరలేదు. కొత్త డీబీ (కరెంటును వేర్వేరు లైన్లకు పంచే పెట్టె) పెట్టి, ఏసీ, గీజరు, వంటగది, మోటారు ఈ నాలుగింటికి గోడ మీదుగా పైపులో విడివిడి కొత్త లైన్లు లాగించండి. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, వంటగది ప్లగ్‌లకు 2.5, ప్రతి లైనుతో పాటు ఆకుపచ్చ ఎర్తు వైరు. ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి. మెగ్గరు బాగుందన్న పాత లైన్ల మీద బల్బులు, ఫ్యాన్లు మాత్రం ఉంచుకోవచ్చు. చూడటానికి అంత అందంగా ఉండదు. సంక్రాంతికి మీ ఆయన వచ్చాక మిగతాది మెల్లగా చేసుకోవచ్చు.

బాబుకు మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూపించండి. ఎవరికైనా షాక్ కొడుతుంటే ముట్టుకోకూడదని, ముందు పెద్దవాళ్లను పిలవాలని చెప్పండి. మీరు, అత్తగారు మాత్రం మెయిన్ ఆపడం, అందకపోతే పొడి కర్రతో తోయడం, 108కి ఫోను చేయడం ఇద్దరూ తెలుసుకొని ఉండాలి. వాడు పడినప్పటి నుంచి గుండె దడగా ఉందనిగానీ, చెయ్యి తిమ్మిరిగా ఉందనిగానీ అంటే ఒకసారి పలాస ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి.

రేపు ఉదయం చిన్నమామయ్య గారింటికి వెళ్లేటప్పుడు బాబును కూడా తీసుకెళ్లండి. వాడి అరచెయ్యి ఆయన చూడాలి. ఆ ముక్క వైరు వేసింది ఆయనే కాబట్టి మెయిన్ ఆపి, ఆ బోర్డు విప్పి, దాన్ని తీసేది కూడా ఆయన చేత్తోనే జరగనివ్వండి. అరవై ఎనిమిదేళ్ల కళ్లు. పక్కన నిలబడి టార్చి మీరు పట్టుకోండి.